చిన్న హాలు, నిండిన బెంచీలు

డిసెంబరు నెలలో ఒక శుక్రవారం రాత్రి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో అప్‌లాండ్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో టేలర్ యూనివర్సిటీ అనే క్రైస్తవ విద్యాసంస్థ ఉంది. ఆ రాత్రి దాని ఆటల హాలులో బాస్కెట్‌బాల్ పోటీ. బెంచీలన్నీ నిండిపోయాయి. రకరకాల వేషాలు వేసుకొచ్చిన విద్యార్థులు ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్నారు. ఆట మొదలైంది, కాని హాలులో మాట లేదు. బంతి నేలకు తగిలే శబ్దం, ఆటగాళ్ల బూట్లు కిర్రుమనే శబ్దం, అంతే. తమ జట్టుకు పదవ పాయింటు వచ్చే వరకు ఎవరూ నోరు మెదపకూడదని అక్కడి విద్యార్థుల కట్టుబాటు. పదవ పాయింటు పడిందో లేదో, ఆనకట్ట తెగినట్టు కేకలు, గంతులు! ఆట చివర్లో మాత్రం అదే జనం ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని ‘సైలెంట్ నైట్’ క్రిస్మస్ గీతం పాడతారు.

1980వ దశకం చివరిలో మొదలైన ఈ ఆచారాన్ని చూడడానికి ఆ హాలుకు ఏటా జనం కిక్కిరిసి వస్తారు. ఇదే పని ఇరవై వేలమంది పట్టే స్టేడియంలో చేయగలరా? అంతమందిని ఒక్క మాట మీద నిలపడం కష్టం. చిన్న హాలు గనుక, అందరికీ అందరూ కనబడతారు గనుక, ఆ కట్టుబాటు నిలిచింది.

ప్రియ పాఠకులారా! “ఎక్కడో అమెరికాలో కాలేజీ పిల్లల ఆట, దాని గొడవ మనకెందుకు?” అని మీరు అడగవచ్చు. ఈ ఆట పుట్టింది ఒక క్రైస్తవ సంస్థలో. దాన్ని కనిపెట్టినవాడు దైవశాస్త్రం చదివినవాడు. మన దేశానికి ఈ ఆటను తెచ్చి నేర్పినదీ వై.ఎం.సి.ఎ. వారే. 1920లో మద్రాసులో వారు స్థాపించిన వ్యాయామ కళాశాలలో చదివిన ఉపాధ్యాయులు దక్షిణ దేశమంతటా ఆటలు నేర్పారు. అంతేకాదు, ఈ కాలేజీ హాళ్ల కథలో జనం కూడే ప్రతి చోటుకూ వర్తించే ఒక ప్రశ్న ఉంది. చోటు చాలనప్పుడు ఏం చేయాలి? గోడలు జరపాలా, జనాన్ని ఆపాలా?

పది అడుగుల ఎత్తున బుట్ట

జేమ్స్ నైస్మిత్ 1861లో కెనడాలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులిద్దరూ టైఫాయిడ్ జ్వరంతో చనిపోయారు. మేనమామ ఇంట పెరిగి, కష్టపడి చదివి, మాంట్రియల్‌లో ప్రెస్బిటేరియన్ దైవశాస్త్ర కళాశాలలో చేరాడు. ఆటల ద్వారా కూడా యౌవనస్థులను మంచి దారిలో పెట్టవచ్చని అతడికి తోచింది. అందుకే అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్లాడు.

1891 డిసెంబరు. బయట మంచు. లోపల విసుగెత్తిన విద్యార్థులు. గదిలోపల ఆడుకొనే కొత్త ఆట ఒకటి తయారు చేయమని పై అధికారి చెప్పాడు. నైస్మిత్ పదమూడు నియమాలు రాసి, పాఠశాల పనివాడు తెచ్చి ఇచ్చిన రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల వసారా కమ్మీకి మేకులతో కొట్టించాడు. ఆ కమ్మీ నేలకు పది అడుగుల ఎత్తున ఉండేది. అందుకే నేటికీ ప్రపంచమంతటా బాస్కెట్‌బాల్ రింగు పది అడుగుల ఎత్తులోనే ఉంటుంది. ఆ రోజు ఆడింది పద్దెనిమిది మంది, జట్టుకు తొమ్మిది మంది చొప్పున. ఇప్పుడు జట్టుకు ఐదుగురు.

1892 మార్చిలో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మధ్య జరిగిన తొలి బహిరంగ పోటీని చూడడానికి సుమారు 200 మంది వచ్చారు. గురువులు 5–1 తేడాతో ఓడిపోయారు! నాటి హాళ్లలో ప్రేక్షకులు పై వసారాలో, బుట్టల పక్కనే నిలబడేవారు. అభిమానం ముదిరి కొందరు చేతులు చాచి బంతిని అడ్డుకొనేవారు, తమవారి బంతిని బుట్టలోకి తోసేవారు. ఈ అల్లరి ఆపడానికే బుట్ట వెనుక పలక బిగించారు. చూశారా, హాలు ఇరుకు వలన ఆట రూపమే మారింది!

ఈ ఆట కోర్టు మన క్రికెట్ మైదానం వంటిది కాదు. పొడవు 94 అడుగులు, వెడల్పు 50 అడుగులు. ముందు వరుసలో కూర్చున్నవాడికి ఆటగాడి చెమట కనబడుతుంది, కోచ్ మందలింపు వినబడుతుంది. ఆట రుచి అంతా ఆ దగ్గరితనంలోనే ఉంది. వెనక్కి వెళ్లేకొద్దీ రుచి తగ్గుతుంది. హాలు ఎంత పెంచితే అన్ని వరుసలు వెనక్కి వెళతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

బెంచీలు కూలిన రాత్రి

ఆట ఊరూరా పాకింది. జనం పెరిగారు. 1928లో ఇండియానాపొలిస్ నగరంలో బట్లర్ యూనివర్సిటీ 15,000 మంది పట్టే హాలు కట్టింది. ఆ సంస్థ 1855లో క్రైస్తవ విశ్వవిద్యాలయంగానే మొదలైంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ దేశంలో బాస్కెట్‌బాల్ కోసం అంతకంటే పెద్ద హాలు లేదు. 1954లో రాష్ట్ర హైస్కూళ్ల చివరి పోటీ అక్కడే జరిగింది. సుమారు 160 మంది మాత్రమే చదివే మైలన్ అనే పల్లెటూరి బడి, పట్టణపు పెద్ద బడిని 32–30తో ఓడించింది. చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ అనే కుర్రవాడు వేసిన బంతి గురించి అక్కడి పల్లెల్లో నేటికీ తాతలు మనుమలకు చెబుతారు.

అయితే జనం పెరిగిన చోటల్లా సంతోషమే కలుగలేదు. 1947 ఫిబ్రవరి 24న అదే రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో విస్కాన్సిన్ జట్టుతో పోటీ. రద్దీకి తగినట్టు కొయ్య బెంచీలతో గ్యాలరీ వేశారు. ఆట సగమై విరామం వచ్చింది. జనం ఒక్కసారిగా లేచారు. మూడు వేలమందికి పైగా ఉన్న ఆ గ్యాలరీ ఒక్కపెట్టున కూలిపోయింది. ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఆట చూసి వస్తానని వెళ్లిన బిడ్డ తిరిగి రాకపోతే ఆ ఇంటి బాధ ఎంతటిదో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

హాలులో ఇంతమందే కూర్చోవాలని గోడ మీద రాసి ఉంటే, మనం దాన్ని పిసినారితనంగా చూస్తాం. “ఇంకో పదిమందిని సర్దలేరా?” అంటాం. కాని ఆ అంకె ఊరకే వేసింది కాదు. ఎన్ని తలుపులు ఉన్నాయి, నడవ ఎంత వెడల్పు, నిప్పంటుకొంటే ఎన్ని నిమిషాల్లో అందరూ బయటపడగలరు, బెంచీ ఎంత బరువు మోయగలదు, ఇవన్నీ లెక్కవేసి పెట్టిన అంకె అది. పండుగ రాత్రి మన పాత మందిరాల్లో వసారాలు, మేడమెట్లు కిక్కిరిసినప్పుడు ఈ సంగతి మనమూ తలచుకోవాలి. చోటుకు హద్దు ఉంటుందని ఒప్పుకోవడం కూడా జనాన్ని ప్రేమించడమే.

గుడారాల్లో విద్యార్థులు

ఉత్తర కరొలైనా రాష్ట్రంలో డర్హమ్ పట్టణం. అక్కడి డ్యూక్ యూనివర్సిటీ మెథడిస్టు సంఘాల నీడలో పెరిగింది. 1940 జనవరి 6న అక్కడ ఒక రాతి కట్టడపు ఇండోర్ స్టేడియం తెరిచారు. ఇప్పుడు దానిలో 9,314 మందికి చోటుంది. 1980లో వచ్చిన కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ 2022లో విరమించేలోగా ఆ జట్టుకు ఐదు జాతీయ విజయాలు తెచ్చాడు. అంత పేరు వచ్చిన జట్టుకు ఇరవై వేల సీట్ల హాలు కట్టడం పెద్ద పనేమీ కాదు. అయినా కట్టలేదు. 1990 నవంబరు నుంచి అక్కడ ఆటలకు టికెట్లన్నీ అమ్ముడుపోతూనే వస్తున్నాయని లెక్కలు చెబుతున్నాయి.

ఆ హాలులో ఒక ఏర్పాటు ఉంది. కోర్టు అంచునే ఉన్న కింది బెంచీలు విద్యార్థులవి. సొమ్ము ఇచ్చే పెద్దలు చాలావరకు పైన కూర్చుంటారు. విద్యార్థుల చోటు సుమారు 1,200 మందికే సరిపోతుంది. అందుకని 1986 నుంచి ఒక ఆచారం వచ్చింది. పెద్ద పోటీకి కొన్ని వారాల ముందే విద్యార్థులు హాలు బయట గడ్డి మీద గుడారాలు వేసుకుంటారు. ఒక్కొక్క గుడారానికి పన్నెండు మంది వరకు. వంతులవారీగా కాపలా ఉంటారు. చలిలో, వానలో అక్కడే పుస్తకాలు చదువుతారు, పరీక్షలకు తయారవుతారు. తనిఖీ చేసినప్పుడు గుడారంలో ఉండవలసినంతమంది లేకపోతే వరుసలో చోటు పోతుంది. ఈ నియమాలు రాసేదీ, అమలు చేసేదీ విద్యార్థులే.

ఇది చదువుకు వచ్చిన పిల్లలు చేయవలసిన పనేనా అని మనలో ఒక తండ్రి అడిగితే తప్పు లేదు. కాని ఇంకొక వైపు కూడా చూడాలి. డబ్బున్నవాడు ఆ చోటు కొనుక్కోలేడు. చలిలో కాచుకున్నవాడికే అది దక్కుతుంది. దొరకడం కష్టమైనది గనుక దాని విలువ వారికి తెలుసు.

పెద్ద హాలు కట్టినవారి అనుభవం

డ్యూక్‌కు పది మైళ్ల దూరంలో చాపెల్‌హిల్ ఉంది. అక్కడి ఉత్తర కరొలైనా యూనివర్సిటీ వేరే దారి పట్టింది. పాత హాలులో పదివేలమంది పట్టేవారు. టికెట్లు దొరకక జనం గోల పెట్టేవారు. 1986 జనవరి 18న 21,000కు పైగా సీట్లున్న కొత్త హాలు తెరిచి, మొదటి ఆటలో డ్యూక్‌నే 95–92తో ఓడించారు. కోచ్ డీన్ స్మిత్ బతికుండగానే ఆ హాలుకు ఆయన పేరు పెట్టారు. మరి కట్టడానికి సొమ్ము ఎక్కడిది? ముప్పై మిలియన్ డాలర్లకు పైగా చందాలే. చందాలిచ్చినవారికి మంచి సీట్లు ఇవ్వక తప్పలేదు. దాంతో కోర్టు చుట్టూ పెద్దమనుషులు, దూరంగా విద్యార్థులు. హాలు పెద్దదైంది గాని కేకలు పలచబడ్డాయని అభిమానులే సణిగారు. తరువాతి కాలంలో ఒక రింగు వెనుక విద్యార్థులకు కోర్టు దగ్గరే చోటు కల్పించవలసి వచ్చింది.

సిరక్యూస్ యూనివర్సిటీ కథ ఇంకొకటి. వారి పాత హాలులో సుమారు తొమ్మిదిన్నర వేలమంది కూర్చొనేవారు. అక్కడ ఆ జట్టు వరుసగా 57 ఆటలు గెలిచింది. 1980 ఫిబ్రవరిలో ఆ హాలులో చివరి ఆట. జార్జ్‌టౌన్ జట్టు రెండే పాయింట్ల తేడాతో గెలిచి ఆ వరుసను తెంచింది. వారి కోచ్ జాన్ థాంప్సన్ మైకు అందుకొని, ఈ హాలు ఇక మూతపడిందని అందరి ముందు ప్రకటించాడు! ఆ మాటతో రెండు సంస్థల మధ్య ఏళ్ల తరబడి పోటీ రగిలింది. అదే ఏడాది సిరక్యూస్‌వారు కొత్తగా కట్టిన గుమ్మటపు స్టేడియానికి మారారు. 2019లో డ్యూక్‌తో ఆటకు అక్కడ 35,642 మంది వచ్చారు. పెద్ద హాలు ఎప్పుడూ పొరపాటే అనడానికి వీల్లేదన్నమాట. చూడాలనుకున్న సామాన్యుడికి టికెట్ దొరకడం కూడా ఒక మేలే.

మధ్యదారి పట్టినవారూ ఉన్నారు. ఫిలడెల్ఫియా దగ్గరి విలనోవా కథోలిక యూనివర్సిటీ తన ఆవరణలో 6,500 సీట్ల హాలు ఉంచుకొని, పెద్ద ఆటలు కొన్నింటిని నగరంలోని పెద్ద ఎరీనాలో ఆడుతుంది. జెసూట్ సభవారి గొంజాగా యూనివర్సిటీ జట్టు దేశమంతా పేరు పొందాక, 2004లో కొత్త హాలు కట్టుకుంది. దానిలో కూడా 6,000 సీట్లే. ఇక పదిహేను వేలతో మొదలైన బట్లర్ హాలులో మరమ్మతుల తరువాత నేడు తొమ్మిది వేల చిల్లర సీట్లే ఉన్నాయి. కెంటకీ యూనివర్సిటీ ఆడే హాలులో కూడా ఇరుకు బెంచీలు కొన్ని తీసి కుర్చీలు వేసి, ఇరవైమూడు వేలకు పైగా ఉన్న సీట్లను ఇరవై వేల చిల్లరకు తగ్గించారు. ఇంట్లో టీవీలో ఆట చూడగలిగినవాడిని హాలుకు రప్పించాలంటే, సీట్ల లెక్క ఒక్కటే చాలదని వారికి అర్థమైంది.

తాళం వేసిన తలుపు

ఇంతవరకు ఎంతమంది పడతారనే మాట్లాడుకున్నాం. ఎవరిని రానిస్తారు అనేది అంతకంటే పెద్ద ప్రశ్న.

డ్యూక్ ఇండోర్ స్టేడియం నమూనా గీసినవాడు జూలియన్ ఏబెల్ అనే నల్లజాతి శిల్పి. కాని ఆ యూనివర్సిటీ డిగ్రీ తరగతుల్లో నల్లజాతి విద్యార్థులకు 1963 వరకు ప్రవేశమే లేదు. కట్టడాన్ని గీసిన చేతికి గౌరవం లేదు, ఆ జాతి బిడ్డకు బెంచీ లేదు.

అదే డర్హమ్ పట్టణంలో నల్లజాతి విద్యార్థుల కళాశాల ఒకటి ఉంది. దాని కోచ్ జాన్ మెక్‌లెండన్. ఈయన కాన్సస్ యూనివర్సిటీలో సాక్షాత్తు నైస్మిత్ దగ్గరే చదువుకున్నాడు. నైస్మిత్ 1898లో ఆ యూనివర్సిటీకి ప్రార్థన కూడికల, వ్యాయామ విద్యల బాధ్యతల మీద వెళ్లి, జీవితాంతం అక్కడే ఉండిపోయాడు. శిష్యుడిని ఆయన ఆదరించాడు. కాని రంగు కారణంగా మెక్‌లెండన్‌ను కళాశాల జట్టులో ఆడనివ్వలేదు.

1944 మార్చి 12, ఆదివారం ఉదయం. పట్టణమంతా ఆరాధనల్లో ఉంది. డ్యూక్ వైద్య విద్యార్థుల జట్టు చుట్టుదారిన కార్లలో వచ్చి, కోటులు తలల మీద కప్పుకొని, నల్లవారి కళాశాల హాలులోకి వెళ్లింది. వెంటనే తలుపులకు తాళం వేశారు. తెల్లవారు, నల్లవారు కలిసి ఆడడం నాడు అక్కడ నేరం, ప్రాణాలకే ముప్పు. లోపల ప్రేక్షకులు లేరు. సంగతి పసిగట్టిన కొందరు విద్యార్థులు మాత్రం కిటికీలకు ఎగబాకి చూశారు. మెక్‌లెండన్ జట్టు 88–44తో గెలిచింది. తరువాత ఆటగాళ్లు రెండు జట్లనూ కలిపివేసి, ఇటువారు కొందరు అటువారు కొందరుగా మరో ఆట ఆడారు. ఆపైన వసతిగృహంలో కలిసి కూర్చొని మాట్లాడుకున్నారు. ఈ సంగతి 1996 వరకు లోకానికి తెలియలేదు.

ఆదివారం ఉదయం గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. కాని మనుషులు కలిసింది తాళం వేసిన ఆటల హాలులో! క్రైస్తవులమైన మనకు ఈ సంగతి సిగ్గు కలిగించాలి. మన ఊళ్లలో ఎవరు ఏ బెంచీ మీద కూర్చుంటారో కూడా ఒకసారి చూసుకోవాలి.

ఆడపిల్లల కథ మరో రకం. 1896 ఏప్రిల్ 4న కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కళాశాలల అమ్మాయిలు పోటీ ఆడారు. సుమారు 700 మంది స్త్రీలు చూశారు. మగవారిని లోపలికి రానివ్వలేదు. ఆ తరువాత చాలా కాలం ఆడపిల్లల ఆటలు చిన్న హాళ్లలో ఖాళీ బెంచీల మధ్యనే జరిగాయి. 2023లో ఐయోవా యూనివర్సిటీలో మాత్రం కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఆట చూడడానికి, సుమారు 15,000 మంది పట్టే హాలు టికెట్లు సీజన్ మొదలు కాకముందే అయిపోయాయి. ఆ అక్టోబరులో వారు ఫుట్‌బాల్ మైదానంలో ఆరుబయట కోర్టు వేసి ఆడితే 55,646 మంది వచ్చారు. ఆడపిల్లల ఆటకు జనం రారని అన్నవారి మాట ఆ రోజుతో పోయింది.

ఖాళీ హాలు చెప్పిన పాఠం

2020లో కరోనా వచ్చింది. ఆ మార్చిలో జరగవలసిన జాతీయ పోటీలు రద్దయ్యాయి. తరువాతి సీజన్‌లో చాలా హాళ్లలో ప్రేక్షకులు లేకుండానే ఆడారు. డ్యూక్ హాలు కూడా మూగబోయింది. గుడారాలు లేవు, కేకలు లేవు. ఆ ఏడాది జట్టు 13 ఆటలు గెలిచి, 11 ఓడింది. 1995 తరువాత మొదటిసారి జాతీయ పోటీలకు వెళ్లలేకపోయింది. దానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కాని బెంచీలమీది జనం కేవలం చూసేవారు కాదు, ఆటలో భాగస్తులని ఆ శీతాకాలం అందరికీ తెలిసింది. తలుపులు మూసుకొని నెలల తరబడి ఇళ్లలో ఆరాధించిన మనకు ఆ వెలితి వివరించనక్కరలేదు.

మరి ఎంత హాలు చాలు? ఇంత అని ఒక అంకె చెప్పడానికి లేదు. అయితే ఈ హాళ్ల చరిత్ర మనచేత కొన్ని ప్రశ్నలు వేయిస్తుంది. వచ్చినవారు క్షేమంగా ఇంటికి వెళ్లగలరా? ఎవరికోసం కట్టామో వారే ముందు వరుసలో ఉన్నారా, లేక సొమ్ము ఇచ్చినవారు వారిని వెనక్కి నెట్టారా? బయట నిలిచిపోయినవాడు చోటు లేక నిలిచాడా, మనం రానివ్వక నిలిచాడా?

వీటికి సరైన జవాబులు ఉంటే 6,000 సీట్ల హాలు కూడా చాలును. లేకపోతే ముప్పై వేల సీట్లు కూడా ఇరుకే. మీ పిల్లలు బడిలో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే ఒక సాయంత్రం పని ముగించుకొని వెళ్లి చూడండి. అక్కడ బెంచీలు ఉండకపోవచ్చు, గట్టు మీదనో చెట్టు కిందనో కూర్చోవలసి రావచ్చు. అయినా మీరు వచ్చారని మీ బిడ్డకు తెలుస్తుంది.